ఆ 22 గోల్స్ ఏవి?

చిరంజీవికి,

బల్గేరియా ఫుట్‌బాల్ డిఫెండర్, తర్వాత ఆ దేశపు జట్టుకే కోచ్ అయిన దిమితర్ పెనెవ్ మీద నువ్వు రాసిన పన్నెండు పేజీలూ చదివాను. చేతిరాత ముత్యాల్లా ఉంది. మూడో పేజీకి వచ్చేసరికి మాత్రం ఒళ్ళు మండింది.

"1966, 1970, 1974 ప్రపంచకప్‌లలో బల్గేరియాకు ఇనుపగోడలా నిలిచాడు" అని ఒక్క వాక్యంలో తేల్చేసి, కింది పేరాలో ఏకంగా 1994 ప్రపంచకప్‌కి, అమెరికాకి దూకేశావు. ఆ ఇనుపగోడ ఉన్న మూడు కప్పుల్లో బల్గేరియా ఆడినవి తొమ్మిది మ్యాచ్‌లు. ఆరు ఓడింది, మూడు డ్రా. గెలుపు ఒక్కటీ లేదు. సమర్పించుకున్న గోల్స్ 22. నువ్వు లెక్క కట్టలేదు, నేను కూర్చుని కట్టాను. ఆ 22 గోల్సూ నీ వ్యాసంలో ఏవయ్యా?

డిఫెండర్ కథ గోల్ పడ్డ చోటే మొదలవ్వాలి. మిరోవ్యానె అనే ఊళ్ళో 1945లో పుట్టాడని కాదు. నేనైతే మెక్సికోలో లియోన్ నుంచి ఎత్తుకుంటాను. 1970 జూన్ 2, ప్రత్యర్థి పెరూ. రెండు రోజుల ముందే వాళ్ళ దేశంలో భూకంపం ఊళ్ళకు ఊళ్ళని మింగేసింది. 49వ నిమిషంలో బల్గేరియా రెండో గోల్ కొట్టింది, 2-0. ఇంకేముంది, అయిపోయిందనుకుంటాం కదా. ఆ మరుసటి నిమిషంలోనే పెరూ ఒకటి కొట్టింది, 55లో ఇంకోటి, 73లో క్యుబియాస్ మూడోది. ఆ ఇరవై మూడు నిమిషాలు వెనకాల నిలబడ్డవాడికి ఎలా ఉంటుందో, అది రాయాలి నువ్వు.

అలా రాస్తే ప్యారిస్ దానంతట అదే వస్తుంది. 1993 నవంబర్ 17న బల్గేరియాతో మ్యాచ్. అమెరికా కప్పుకి వెళ్ళడానికి ఫ్రాన్స్‌కి డ్రా చాలు. 90వ నిమిషంలో బంతి ఫ్రాన్స్ ఆటగాడు జినోలా దగ్గరుంది, అదీ మైదానం మూలన. అక్కడే కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడితే సరిపోయేది. అతను అందరి తలల మీదుగా అవతలికి కొట్టాడు. కొన్ని సెకన్లలో అది బల్గేరియా కోస్తాదినోవ్ కాలి దగ్గరికి చేరింది, 2-1. నువ్వు అర పేజీ కోస్తాదినోవ్‌కే ఇచ్చావు. ఆ రోజు బెంచీ మీదున్న కోచ్ లియోన్‌లో అటువైపు నిలబడ్డవాడని ఒక్క ముక్క లేదు.

1973లో పెనెవ్ ఆడిన బల్గేరియా క్లబ్బు సీఎస్‌కేఏ, డచ్ క్లబ్బు అయాక్స్‌ని ఇంటికి పంపడం, 1989లో ఆ సీఎస్‌కేఏకే కోచ్‌గా బార్సిలోనాతో సెమీస్ దాకా వెళ్ళడం బాగానే రాశావు. వాటి జోలికి పోను.

నేనేమీ పుట్టుకతో తెలిసినవాణ్ణి కాదులే. 1994 జూలై 10 రాత్రి బెజవాడలో ఒక పత్రిక స్పోర్ట్స్ డెస్క్ మీద ఉన్నాను. జర్మనీ, బల్గేరియా క్వార్టర్ ఫైనల్. జిల్లా ఎడిషన్ వెళ్ళే టైమైపోతోందని టెన్షన్. జర్మనీ మాథ్యూస్ పెనాల్టీ గోల్ పడగానే "సెమీస్‌కు జర్మనీ" అని హెడ్డింగ్ పెట్టి, టీ తాగడానికి కిందికి దిగాను. 75వ నిమిషంలో బల్గేరియా స్తోయిచ్‌కోవ్ ఫ్రీకిక్ గోల్, 78లో లెచ్‌కోవ్ హెడర్. పైకి వచ్చేసరికి పేజీ వెళ్ళిపోయింది! నెల జీతంలో కోత పడింది. ఆ హెడర్ అప్పుడు లెచ్‌కోవ్‌ని కాయాల్సినవాడు జర్మనీ పొట్టివాడు హెస్లర్. అది కూడా డిఫెండర్ కళ్ళతో చూస్తేనే కనబడే సంగతి.

తర్వాతెప్పుడో ఒక ఆదివారం అనుబంధానికి ఓడిపోయిన కబడ్డీ ఆటగాడి గురించి రాసిస్తే, "ఓడినవాణ్ణి ఎవడు చదువుతాడయ్యా" అని ఎడిటర్‌గారు సగం కోసేసి, చివర సొంతంగా ఒక సూక్తి తగిలించారు. ఇప్పుడు ఎవరూ తగిలించనక్కర్లేదు, మీరే రాసుకొస్తున్నారు. నీ పన్నెండో పేజీలో ఉన్నదాన్ని ఎర్రపెన్నుతో కొట్టేశాను.

ఒక్కచోట మాత్రం నా చెయ్యి ఆగిపోయింది. ప్యారిస్‌లో కోస్తాదినోవ్‌కి ఆ బంతి అందించింది లుబోస్లావ్, పెనెవ్ అన్న కొడుకో తమ్ముడి కొడుకో, ఏదైతేనేం. క్యాన్సర్ వచ్చి అమెరికా వెళ్ళలేకపోయాడు. బాబాయి జట్టు జాబితా రాసుకుంటున్నాడు, అందులో ఈ పేరు లేదు. దీన్ని తీసుకెళ్ళి బ్రాకెట్లో పెట్టావు! అసలు బ్రాకెట్లో పెట్టాల్సింది కప్పులూ అవార్డులూ.

ముందుమాట రాస్తారా, పుస్తకం వేస్తే ఎంతవుతుంది అని అడిగావు. తర్వాత చూద్దాం. జర్మనీని కొట్టింది జూలై 10న, ఇటలీతో సెమీఫైనల్ 13న. మధ్యలో 12న పెనెవ్‌కి 49 ఏళ్ళు నిండాయి. ఇది నీ దగ్గర లేదు, చేర్చుకో.

ఆ బ్రాకెట్లు విప్పి ఆరో పేజీ మళ్ళీ రాసి పంపు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి, సిరా అవతలికి దిగుతోంది.