ఘాటెక్కితే ఆగిపోయే బండి, పలకని స్కానర్

ప్రశ్న (కడప): నాది 2016 మోడల్ కార్బొరేటర్ (పెట్రోలు, గాలి కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) బండి. ఊళ్లో ఎంత తిరిగినా ఇబ్బంది లేదు. రాయచోటి వెళ్లేటప్పుడు గువ్వలచెరువు ఘాట్‌లో సగం ఎక్కగానే పికప్ పడిపోయి ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. కార్బొరేటర్ క్లీన్ చేయించాను, ప్లగ్ మార్పించాను. ఇప్పుడు మెకానిక్ కొత్త కార్బొరేటర్ వేయాలంటున్నాడు. వేయించమంటారా?

ఇప్పుడే వద్దు. కాసేపు ఆగితే స్టార్ట్ అవుతుందని మీరే రాశారు కదా, సగం జవాబు అక్కడే ఉంది. జెట్‌లో (కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం) ఇరుక్కున్న చెత్త పది నిమిషాలకోసారి దానంతటదే తప్పుకోదు. ఆగితే కోలుకునే బండికి సాధారణంగా రెండు జబ్బుల్లో ఒకటి ఉంటుంది. మొదటిది, ట్యాంకు నుంచి పెట్రోలు సన్నగా దిగడం. ఊళ్లో ఆ ధార సరిపోతుంది. ఘాట్‌లో యాక్సిలరేటర్ తిప్పి పట్టుకుంటే తాగేది ఎక్కువ, దిగేది తక్కువ. కార్బొరేటర్ కింది గిన్నె ఖాళీ అయిపోతుంది, మీరు ఆగినప్పుడు మెల్లగా నిండుతుంది. రెండోది, వేడెక్కాక ఇగ్నిషన్ కాయిలో, సీడీఐ యూనిటో (రెండూ ప్లగ్‌కి కరెంటు పంపే భాగాలు) స్పార్క్ ఇవ్వడం మానేసి, చల్లారాక మళ్లీ ఇవ్వడం. బండి నడిపేవాడికి రెండూ ఒకేలా అనిపిస్తాయి. ఏదో తేల్చుకోకుండా సామాన్లు మార్చుకుంటూ పోతే జేబుకే చిల్లు.

తేల్చుకోవడానికి ఒక స్క్రూ డ్రైవరు, ఒక ఖాళీ సీసా చాలు. ఈసారి ఆగిన వెంటనే బండిని రోడ్డు పక్కకు తీసి, పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది పెట్రోలు కుళాయి) ఆఫ్ చేయండి. ఆఫ్ చేయకపోతే గిన్నె నిండిపోయి, ఏం జరిగిందో తెలియదు. గిన్నె అడుగున డ్రెయిన్ స్క్రూ, దానికి సన్నటి పైపు ఉంటాయి. పైపు కింద సీసా పెట్టి స్క్రూ వదులు చేయండి. ఇంజిన్ వేడి మీద ఉంటుంది కాబట్టి సైలెన్సర్ మీద ఒక్క చుక్క కూడా పడనివ్వకండి, దగ్గర్లో బీడీ, సిగరెట్ ఉండకూడదు. గిన్నెడు పెట్రోలు వచ్చిందంటే పెట్రోలు అందుతూనే ఉంది, మీరు చూడాల్సింది కాయిల్ వైపు. నాలుగు చుక్కలే వస్తే తేడా పైన ఎక్కడో ఉంది.

అప్పుడు స్క్రూ అలాగే ఉంచి కాక్ ఆన్ చేసి, ధార చూస్తూ ట్యాంకు మూత తీయండి. సుయ్‌మని గాలి లోపలికి పోయి ధార లావైతే దొంగ దొరికినట్టే. మూతలో గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో పూడుకుపోతే మూత బిగించిన నీళ్ల క్యాన్ కుళాయి తిప్పినట్టు పెట్రోలు ఆగి ఆగి దిగుతుంది. మన దుమ్ముకి, పైగా వాటర్ సర్వీసింగ్‌కి, ఇది పూడుకోవడం వింతేం కాదు. మూత విప్పి శుభ్రం చేస్తే పని అయిపోతుంది. ట్యాంక్ కవర్ మూతను బిగుతుగా నొక్కుతోందేమో కూడా చూడండి. మూత తీసినా ధార మారకపోతే కాక్ లోపలి జాలీ, పైపులో ఫిల్టర్, ఫ్లోట్ సూది (గిన్నెలోకి పెట్రోలు దిగడాన్ని అదుపు చేసేది), ఈ వరసలో చూడమనండి. జాలీలో తుప్పు పొడి కనిపిస్తే ట్యాంకు కడిగించక తప్పదు, ఫిల్టర్ ఒక్కటే మారిస్తే నెలలోపే మొదటికొస్తుంది.

కొన్ని బండ్లలో కాక్ ఇంజిన్ పీల్పుతో తెరుచుకునే రకం. ఇంజిన్ ఆగి ఉంటే దాని నుంచి పెట్రోలు రాదు, కంగారుపడకండి. ఇదంతా ఘాట్ మలుపులో మాత్రం చేయకండి. వెడల్పు చోటు చూసి ఆపుకోండి. ఎలాగూ ఆగారు కాబట్టి గువ్వలచెరువు పాలకోవా మీ ఇష్టం.

ప్రశ్న (అనంతపురం): బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండి. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. ఆన్‌లైన్‌లో బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి లోపాల కోడ్లు చదివే పరికరం) కొన్నాను. ఫోన్‌కి కనెక్ట్ అవుతోంది కానీ యాప్‌లో ఏమీ రావట్లేదు. దానికి బండిలో సాకెట్ కూడా సరిపోలేదు, వైర్లు కలిపాను.

వైర్లు కలపడం ఆపేయండి, ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) దెబ్బ తగిలితే స్కానర్ ధరకు ఎన్నో రెట్లు అవుతుంది. మీరు కొన్నది కార్ల 16 పిన్నుల రకం. 2020 ఏప్రిల్ తర్వాత బీఎస్6తో వచ్చిన చాలా బండ్లలో సీటు కింద 6 పిన్నుల సాకెట్ ఉంటుంది. మధ్యలో కన్వర్టర్ కేబుల్ కావాలి. ఫోన్‌కి కనెక్ట్ అయ్యిందంటే ఫోన్, స్కానర్ కలిశాయని మాత్రమే. స్కానర్ ఈసీయూతో మాట్లాడటం వేరే సంగతి. చవక స్కానర్లు కొన్ని బండ్ల ప్రోటోకాల్ (ఈసీయూ మాట్లాడే పద్ధతి) దగ్గర చేతులెత్తేస్తాయి.

అసలు మీ సమస్యకు ముందు కావాల్సింది చెవి. కిల్ స్విచ్ (హ్యాండిల్ మీది ఇంజిన్ ఆపే స్విచ్) రన్‌లో పెట్టి తాళం తిప్పండి. ట్యాంకు లోపల పెట్రోలు నెట్టే పంపు రెండు మూడు సెకన్లు జుయ్‌మనాలి. చప్పుడే లేకపోతే ఫ్యూజు, రిలే, పంపు కనెక్టర్ చూడాలి. బండి ఈమధ్య కింద పడి ఉంటే ఒరిగినప్పుడు ఇంజిన్ ఆపే సెన్సర్ పని అయి ఉండొచ్చు, తాళం ఒకసారి తీసి వేయండి. బ్యాటరీ నీరసంగా ఉంటే సెల్ఫ్ తిరిగేటప్పుడు పంపుకి కరెంటు చాలదు. చప్పుడు బాగానే వచ్చిందా? ప్రెషర్ ఉందని దానర్థం కాదు. చాలా బండ్లలో అది 3 బార్ దగ్గర ఉండాలి, గేజ్ పెట్టి సర్వీస్ మాన్యువల్ అంకెతో పోల్చాలి. చిన్న బండ్లలో మామూలుగా ఫ్యూయెల్ ప్రెషర్ సెన్సరే ఉండదు కాబట్టి పంపు నీరసించినా స్కానర్‌లో కోడ్ రాకపోవచ్చు. ఇంజెక్టర్ (ఇంజిన్‌కి పెట్రోలు చిమ్మే భాగం) వైరు తెగితే పీ0201 లాంటి కోడ్ వస్తుంది, అక్కడ స్కానర్ పనికొస్తుంది. కొన్ని బండ్లలో మీటర్ మీద ఇంజిన్ లైటు మినుకుల లెక్కతోనే కోడ్ చెబుతుంది, పైసా ఖర్చు లేదు.

ఇంకోటి. రిజర్వ్‌లోనే బండి తిప్పే అలవాటుంటే మానండి. ట్యాంకులోని పెట్రోలే ఆ పంపుని చల్లబరుస్తుంది.

ప్రశ్న (కర్నూలు): వానల్లో పెట్రోలు కొట్టించాక బండి జర్క్ ఇస్తోంది. నీళ్లు కలిశాయా?

ట్యాంకులోంచి డ్రెయిన్ చేసిన పెట్రోలు గాజు సీసాలో పోసి కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే నీళ్లే. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది కొంత తడిని తనలో కలుపుకుంటుంది. హద్దు దాటితే నీళ్లతో కలిసి కిందికి దిగిపోతుంది. అప్పుడు పెట్రోల్లో కలిపే యాడిటివ్ సీసాలు కొనడం దండగ. ట్యాంకు మొత్తం దించి, ఆరబెట్టి, కొత్త పెట్రోలు పోయించండి. తీసిన పెట్రోలు కాలువలో పారబోయకండి, మెకానిక్‌కి ఇచ్చేయండి.