కాలయంత్రం ఎక్కేముందు జేబులు చూసుకోండి

ఎనభైల చివర్లో తెనాలిలో వీడియో లైబ్రరీ నడిపినవాణ్ని. అప్పట్లో నా దగ్గర బాగా అరిగిపోయిన ఇంగ్లిష్ క్యాసెట్లలో 1985 నాటి 'బ్యాక్ టు ది ఫ్యూచర్' ఒకటి. మార్టీ అనే కుర్రాడు డాక్టర్ బ్రౌన్ తయారుచేసిన కారెక్కి ముప్పై ఏళ్లు వెనక్కి, 1955కి పోతాడు. అక్కడ తన కన్నతల్లే తన మీద మనసు పారేసుకుంటుంది. కథ ఇంతే. ఈసారి వచ్చిన ప్రశ్నలు దాదాపు అన్నీ దాని మీదే, కాబట్టి అదే మాట్లాడుకుందాం.

అమ్మానాన్నల పెళ్లి జరగకపోతే మార్టీ ఆ క్షణంలోనే మాయమవ్వాలి కదా? ఫొటోలో ముందు అన్న, తర్వాత అక్క కొంచెం కొంచెంగా చెరిగిపోవడంలో లాజిక్ ఏముంది?
– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

లాజిక్ లేదమ్మా. ఉంటే సినిమా గంటలో అయిపోయేది.

ఆ ఫొటో సైన్సు కోసం పెట్టింది కాదు, టెన్షన్ కోసం పెట్టింది. చెరిగిపోయే వరస గమనించావా? ముందు పెద్దవాడు, తర్వాత అక్క, ఆఖర్న మార్టీ. పుట్టిన వరసలోనే పోతున్నారు. ఇది ఒక్కసారి తెలిశాక ప్రేక్షకుడు సొంతంగా లెక్క వేసుకుంటాడు: ఇద్దరూ పోయారు, ఇక మిగిలింది వీడే. మా షాపుకొచ్చేవాళ్లలో సగంమందికి ఆ ఇంగ్లిష్ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఫొటో మాత్రం అందరికీ అర్థమైంది.

ఇలాంటి సినిమాల్లో రూలు ఎంత విడ్డూరంగానైనా ఉండొచ్చు. కారు గంటకు 88 మైళ్లు, అంటే మన లెక్కలో దాదాపు 142 కిలోమీటర్ల వేగం అందుకుంటే కాలం దాటేస్తుందన్నారు. 88 ఏమిటి, 90 ఎందుకు కాదు అని నన్నెవరూ అడగలేదు. అదే క్లైమాక్సులో 60కే ఎగిరిపోయి ఉంటే డబ్బులు తిరిగివ్వమనేవాళ్లు.

డాక్టర్ బ్రౌన్ 'రీగనా? ఆ యాక్టరా?' అన్నప్పుడు మా నాన్నగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అందులో ఏముంది?
– ఒంగోలు పాఠకుడు

1955లో ఉన్న డాక్టర్ బ్రౌన్, నిజంగా 1985 నుంచి వచ్చావా అని పరీక్షించడానికి, అప్పుడు అమెరికా ప్రెసిడెంట్ ఎవరో చెప్పమంటాడు. మార్టీ రొనాల్డ్ రీగన్ పేరు చెబుతాడు. 1955 నాటికి రీగన్ సినిమా నటుడు. మీ నాన్నగారికి ఆ సంగతి తెలుసు, మీకు తెలియదు. అంతకు మించి ఏమీ లేదు.

మన లెక్కకు తెస్తాను. మార్టీ తెనాలి కుర్రాడనుకోండి. 1985 నుంచి 1955 నవంబరులో దిగి, ఆ ఏడాదే 'మిస్సమ్మ' చూసిన మనిషితో 'ఆ హీరో మన ముఖ్యమంత్రి అవుతాడండీ' అంటే ఏం జవాబొస్తుంది? 'ఏ సినిమాలో?' అంటాడు. 'కాదండీ, నిజంగానే, హైదరాబాదులో ప్రమాణస్వీకారం కూడా చేస్తాడు' అన్నామా, ఇక పిచ్చాసుపత్రికి దారి చూపిస్తాడు. ఎందుకంటే అప్పటికి ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కర్నూలు. ఇప్పుడు నవ్వొచ్చింది కదూ?

టైమ్ ట్రావెల్ కామెడీకి పెట్టుబడి ప్రేక్షకుడికి ముందే తెలిసిన విషయాలే. పాత్రకు తెలియనిది మనకు తెలియాలి. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన 'ఆదిత్య 369'నే చూడండి. యంత్రం ముందు 1526కి, కృష్ణదేవరాయల కాలానికి పోతుంది. ఆ భాగంలో బోలెడు సరదా. రాయలు, తెనాలి రామకృష్ణుడు మనకు చిన్నప్పుడు కథల్లో పరిచయమైనవాళ్లే కదా. (మా ఊరివాడని చెప్పడం లేదు, నిజంగానే ఆయన వచ్చాక తెర కళకళలాడుతుంది.) తర్వాత కథ 2504కి పోతుంది. అక్కడ మనకు ఆశ్చర్యం ఉంది, భయం ఉంది, నవ్వు తక్కువ. 2504లో ఏది మామూలో ఏది విడ్డూరమో మనకే తెలియనప్పుడు దేన్ని చూసి నవ్వుతాం?

1994 నాటి ఏలూరుకి వెళ్లిపోయే ఇప్పటి కుర్రాడి మీద కామెడీ కథ రాశాను. మొదటి పన్నెండు పేజీలు మెషీన్ ఎలా పనిచేస్తుందో ఉంటుంది. చదివిన నిర్మాత బోరు అంటున్నారు. తీసేస్తే కన్విన్స్ అవుతారా?
– కొత్త రచయిత, హైదరాబాద్

నిర్మాతగారు చెప్పింది నిజం. పన్నెండు పేజీలూ తీసేసి రెండు విషయాలు ఉంచండి బాబూ. బండి దేనితో నడుస్తుంది, అది దొరక్కపోతే ఏమవుతుంది.

'బ్యాక్ టు ది ఫ్యూచర్' తొలి చిత్తు ప్రతుల్లో కాలయంత్రం ఫ్రిజ్. పిల్లలు చూసి ఫ్రిజ్జుల్లో దూరతారేమోనన్న భయంతో కారు చేశారు. కారయ్యాక కథకు ఇంధనం గొడవ భలేగా అతికింది. 1985లో ప్లుటోనియంతో నడిచిన బండికి 1955లో అది దొరికే దారి లేదు. కావలసిన 1.21 గిగావాట్లు ఇవ్వగలిగేది పిడుగు ఒక్కటే. పిడుగు ఎప్పుడు, ఎక్కడ పడుతుందో ముందే ఎవరికి తెలుస్తుంది?

ఇక్కడుంది అసలు పనితనం. సినిమా మొదట్లో మార్టీ తన గర్ల్‌ఫ్రెండ్‌కి ముద్దు పెట్టబోతుంటే ఒకావిడ అడ్డొచ్చి, పాత గడియారాన్ని కాపాడండంటూ చేతిలో కరపత్రం పెడుతుంది. 1955 నవంబరు 12 రాత్రి 10:04కి ఆ గడియారం మీద పిడుగు పడిన సంగతి అందులో ఉంది. మామూలుగా అయితే ఆ కాగితాన్ని ఎవరైనా పారేస్తారు. కానీ ఆ అమ్మాయి దాని వెనకే ఫోన్ నంబరు రాసిస్తుంది. ఇక ఏ కుర్రాడు పారేస్తాడు చెప్పండి? జేబులో భద్రంగా దాచుకున్నాడు, అదే వాడి ప్రాణం కాపాడింది. మనమేమో ఆ సీను ప్రేమ కోసం అనుకుని చూసేశాం.

మీ కుర్రాడి జేబులో ఏముందో రాసి పెట్టుకోండి. ఫోన్ ఉంటుంది, 1994 ఏలూరులో సిగ్నల్ ఉండదు. అది అందరూ రాసే జోకు. రెండొందల నోటు పెట్టి చూడండి. ఆ నోటు వచ్చింది 2017లో. ఎస్టీడీ బూత్ ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి, 'దొంగ నోట్లు కొట్టేవాడివి ఉన్న నోటు కొట్టాలి గాని, లేనిది కొట్టావేంట్రా?' అంటే హాలు లేచిపోతుంది. అయితే ఆ నోటు వాడి జేబులోకి ఇంటర్వెల్ ముందు అవసరం కొద్దీ వచ్చినట్టు ఉండకూడదు. మొదటి సీనులోనే వాళ్ల నాయనమ్మ, ఖర్చు పెట్టొద్దని ఒట్టు వేయించుకుని ఇచ్చినట్టు రాయండి. అప్పుడు ఆ నోటు తీయడానికి వాడు పడే తటపటాయింపూ కామెడీయే.

చివర్లో తల్లిదండ్రులు, కొడుకు అచ్చం తమ పాత స్నేహితుడిలాగే ఉన్నాడని గుర్తుపట్టరేం?
– రాజమహేంద్రవరం గృహిణి

వాళ్లకు అతనితో పరిచయం ఎనిమిది రోజులు, అదీ ముప్పై ఏళ్ల కిందట. కథా రచయితల్లో ఒకరైన బాబ్ గేల్ 2020లో ఇచ్చిన సమాధానమూ ఇదే. ఇంటర్‌లో వారం రోజులు మీ క్లాసులో కూర్చుని వెళ్లిపోయిన కుర్రాడి ముఖం చెప్పగలరా? ఆ తండ్రి స్థానంలో నేనుంటే మటుకు కాస్త అనుమానించేవాణ్ని, అది వేరే సంగతి.

ఈ కాలప్రయాణం కథలన్నీ పడమటి దేశాల సరుకేనా?
– రిటైర్డ్ టీచర్, నల్గొండ

మీకు తెలియనిదా మాస్టారూ! భాగవతంలో కకుద్మి అనే రాజు కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి పోతాడు. అక్కడ పాట కచేరీ జరుగుతుంటే అయ్యేదాకా ఆగి, తర్వాత తను అనుకున్న వరుల సంగతి చెబుతాడు. బ్రహ్మ నవ్వి, నువ్వు ఆగిన ఈ కాసేపట్లో కింద ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోయాయి, వాళ్ల మనవల పేర్లు కూడా ఇప్పుడు వినపడవంటాడు. చివరికి ఆమెను బలరాముడికి ఇస్తారు. పాత యుగం పిల్ల మరీ పొడుగ్గా ఉందని ఆయన నాగలితో నొక్కి ఎత్తు తగ్గించుకున్నాడని విష్ణుపురాణం. కామెడీ సీను కాదంటారా?

మొదటి భాగం తీస్తున్నప్పుడే రెండో భాగం అనుకున్నారా?
– బెంగళూరు నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

లేదు. 'ఇంకా ఉంది' అన్న అక్షరాలు థియేటర్లో వేసిన ప్రింటులో లేవు, తర్వాత వీడియో క్యాసెట్టులో చేర్చారు. వాటిని చూసి రెండో భాగం దాచిపెట్టానని నాతో గొడవకు దిగినవాళ్లున్నారు. అది 1989 దాకా రానేలేదు. ఆఖరి సీనులో డాక్టర్ బ్రౌన్ వచ్చి మార్టీనీ ఆ అమ్మాయినీ కారెక్కించుకుని భవిష్యత్తుకి పోవడం ఉత్త జోకుగా పెట్టారు. రెండో భాగం రాయాల్సి వచ్చేసరికి కారులో ఉన్న అమ్మాయితో ఏం చేయించాలో తోచలేదు. ముందే తెలిస్తే ఆమెను ఎక్కించేవాళ్లం కాదని తర్వాత వాళ్లే చెప్పుకున్నారు. అందుకే రెండో భాగం మొదలవగానే డాక్టర్ బ్రౌన్ ఆమెను నిద్రపుచ్చేస్తాడు.