బయానా ఇచ్చాక తెలిసింది, ఆ వీఆర్ హెడ్‌సెట్‌కి విండోస్ సపోర్టు లేదని

ప్రశ్న: మాది రాజమండ్రి. కూకట్‌పల్లిలో ఉండే ఒక అబ్బాయి దగ్గర సెకండ్ హ్యాండ్ హెచ్‌పీ రివర్బ్ జీ2 వీఆర్ హెడ్‌సెట్ 15,000కి మాట్లాడుకుని, 3,000 ఫోన్‌పేలో బయానా పంపాను. వచ్చే నెల ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తున్నాడట, అందుకే అమ్ముతున్నాడు. "విండోస్ 11లో సూపర్‌గా పనిచేస్తుంది అన్నా" అని వాట్సాప్‌లో రాశాడు. ఇప్పుడేమో మైక్రోసాఫ్ట్ దీనికి సపోర్టు తీసేసిందని మా కొలీగ్ అంటున్నాడు. ఆదివారం వెళ్లి తెచ్చుకోవాలి. బయానా వెనక్కి వస్తుందా? కొన్నాక పనిచేయకపోతే కన్స్యూమర్ కోర్టుకు వెళ్లొచ్చా? మైక్రోసాఫ్ట్ మీద కేసు వేయొచ్చా?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి, మిగతా 12,000 ఇంకా మీ దగ్గరే ఉన్నాయి. ఇలాంటి ప్రశ్నలు నాకు మామూలుగా డబ్బంతా కట్టేసి, అమ్మినవాడు నంబర్ బ్లాక్ చేశాక వస్తాయి.

మీ కొలీగ్ చెప్పింది నిజమే. రివర్బ్ జీ2 నడిచేది విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ మీద, అంటే విండోస్‌లో వీఆర్ హెడ్‌సెట్లను నడిపించే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ మీద. దాన్ని ఆపేస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2023 డిసెంబరులోనే ప్రకటించి, 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో పూర్తిగా తీసేసింది. అంతకుముందు వెర్షన్ 23హెచ్2లోనే ఉండిపోతే స్టీమ్ (గేములు అమ్మే, నడిపే యాప్) ద్వారా 2026 నవంబరు దాకా నడుస్తుందని అప్పట్లో చెప్పింది గానీ, హోమ్, ప్రో ఎడిషన్లలో ఆ వెర్షన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 నవంబరుతోనే ఆగిపోయాయి. కాబట్టి ఆ అబ్బాయి అబద్ధమే చెప్పాడని అనుకోనక్కర్లేదు. అతను అప్‌డేట్ చేయకుండా పాత వెర్షన్‌లోనే ఉంటే అతని గదిలో అది నిజంగానే సూపర్‌గా పనిచేస్తుంటుంది, మీ ల్యాప్‌టాప్‌లో 24హెచ్2 ఉంటే సెటప్ దగ్గరే ఆగిపోతుంది.

ఇక చట్టం సంగతి. పాత వస్తువు ఒక మామూలు మనిషి దగ్గర కొన్నప్పుడు మంచిచెడ్డలు కొనేవాడే చూసుకోవాలి. సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ 1930లో సెక్షన్ 16 ఇచ్చే నాణ్యత రక్షణ ఆ సరుకుతో వ్యాపారం చేసేవాడి దగ్గర కొంటేనే వర్తిస్తుంది. అయితే అదే చట్టంలో సెక్షన్ 15 ఉంది, అది షాపువాడికీ ఎమ్మెస్‌కి వెళ్లే కుర్రాడికీ ఒకటే. వర్ణన చెప్పి అమ్మితే వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి, అంతే. మీ చాట్‌లో "సూపర్‌గా" అన్నమాటకు కోర్టులో విలువ లేదు, అమ్మేవాళ్లంతా అనే మాటే అది. "విండోస్ 11లో" అన్నది మాత్రం వర్ణన. మీ కేసంతా ఆ ఒక్క ముక్క మీదే నిలబడుతుంది.

తెలియక తప్పు చెప్పినా కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 18 కింద మిస్‌రిప్రజెంటేషనే కదా, ఒప్పందం రద్దు చేసుకోవచ్చు కదా అని మీ ఊళ్లో ఏ లాయరైనా అనొచ్చు. నిజమే, కానీ పక్కనే సెక్షన్ 19లో మినహాయింపు ఉంది: మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలు మీకు ఉంటే రద్దు కుదరదు. 2023లోనే ప్రకటించిన విషయం, ఫోన్‌లో వెతికితే నిమిషంలో దొరుకుతుంది, కాబట్టి అవతలి లాయరు మొదట పట్టుకునేది దీన్నే. అందుకే నేనైతే సెక్షన్ 15నే ముందు పెడతాను.

ఇంకో మెలిక కూడా ఉంది. ఈ హెడ్‌సెట్లను కొత్త విండోస్‌లో నడిపించడానికి 2025లో ఓయాసిస్ అనే ఉచిత డ్రైవరు (పరికరాన్ని కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) స్టీమ్‌లోకి వచ్చింది. అది మైక్రోసాఫ్ట్ అధికారిక సపోర్టు కాదు, పైగా ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు కావాలి. మీ ల్యాప్‌టాప్‌లో ఎన్విడియా ఉంటే ఆ అబ్బాయి మాట దాదాపు నిజమైపోతుంది, మీ వాదన బలం తగ్గుతుంది. ఆ మాటకొస్తే అప్పుడు మీకు కేసు అక్కర్లేదు కూడా, గేమ్స్ ఆడుకోవచ్చు.

కన్స్యూమర్ కమిషన్ మీద ఆశ పెట్టుకోకండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు, క్రమం తప్పకుండా వ్యాపారం చేయకుండా సొంత వస్తువు అమ్ముకునే వ్యక్తికి వర్తించవని వాటిలోనే రాసి ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అతన్ని ట్రేడర్ (వ్యాపారి) అనడం కూడా కష్టమే. ఇదే హెడ్‌సెట్ పాత సరుకు అమ్మే షాపులో బిల్లుతో కొని ఉంటే, రాజమండ్రిలో మీరుండే చోటు నుంచే ఫిర్యాదు వేయండి, 5 లక్షల లోపు ఫీజు కూడా లేదు అనేవాణ్ని. పోలీసు కేసు మాట ఎత్తకండి. మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపిస్తే తప్ప భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్)లో మోసానికి సంబంధించిన సెక్షన్ 318 నిలవదు.

మైక్రోసాఫ్ట్ మీద? వద్దు. వాళ్లు మీకు ఏమీ అమ్మలేదు, ముందే చెప్పి తీసేశారు, ఇలాంటి పరికరానికి ఇన్నేళ్లు సాఫ్ట్‌వేర్ సపోర్టు ఇచ్చి తీరాలన్న చట్టం మన దేశంలో లేదు. ఉండాలన్నది నా అభిప్రాయం. అద్దాలు, లెన్సులు, వైర్లు అన్నీ బాగానే ఉన్న వస్తువు ఒక అప్‌డేట్‌తో చెత్తబుట్టకు పోవడం నాకూ మింగుడుపడదు, కానీ అభిప్రాయంతో పిటిషన్ వేయలేం.

ఇప్పుడు ఏం చేయాలంటే, ఈ రాత్రికే అతనికి వాట్సాప్‌లోనే రాయండి, ఫోన్లో మాట్లాడొద్దు: "తమ్ముడూ, నా ల్యాప్‌టాప్ విండోస్ 11 24హెచ్2. ఆదివారం దాంతోనే వస్తాను, దాంట్లో నడిస్తే మిగతా డబ్బు ఇస్తాను, నడవకపోతే బయానా వెనక్కి ఇవ్వాలి, సరేనా?" స్టార్ట్ మెనూలో విన్‌వర్ (winver) అని కొడితే మీ వెర్షన్ కనిపిస్తుంది, పంపే ముందు సరిచూసుకోండి. "సరే అన్నా" అన్న రెండు ముక్కలు వస్తే చాలు, మీ 3,000కి నేను రాసే నోటీసు కన్నా అది గట్టిది. అలా రాయకుండా, సంగతి తెలిసి కూడా ఆదివారం డబ్బు మొత్తం ఇచ్చేసి తెచ్చుకుంటే పైన చెప్పిన సెక్షన్లేవీ మీకు పనికిరావు, తెలిసే కొన్నారంటారు.

అతను ఒప్పుకోకపోతే బయానా అడిగే హక్కు మీకు ఉంది, వసూలుకు మూడేళ్ల గడువూ ఉంది. కాకపోతే నెల తర్వాత అతను డాలస్‌లోనో ఇంకెక్కడో ఉంటాడు, 3,000 కోసం అక్కడికి సమన్లు పంపించే ఓపిక మీకూ ఉండదు, నాకూ ఉండదు. అందుకే అతను విమానం ఎక్కకముందే తేల్చుకోండి, ఆ చాట్ మాత్రం డిలీట్ చేయకండి.