అక్కకి మనసు లేదా?

ప్రశ్న: జేన్ ఆస్టెన్ నవల ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ చదివాను. అక్క ఎలినార్‌కి అసలు మనసుందా అనిపించింది. చెల్లెలు మేరియాన్‌ని 35 దాటిన కల్నల్‌కి కట్టబెట్టడం అన్యాయం కాదా?

జవాబు: మనసు లేకపోవడమేంటండీ! ఎలినార్ ఇష్టపడ్డ ఎడ్వర్డ్‌తో తనకి రహస్యంగా నిశ్చితార్థమైందని లూసీ అనే అమ్మాయి వచ్చి చెప్తే, ఎవరికీ చెప్పనని ఇచ్చిన మాట కోసం నాలుగు నెలలు ఇంట్లో ఒక్కరికీ తెలియనివ్వకుండా, పైగా ప్రేమించిన విలోబీ వదిలేశాడని కుమిలిపోతున్న చెల్లిని ఓదారుస్తూ గడిపిన పిల్ల ఆమె. కథ మొదట్లో వయసు 19. చివర్లో ఎడ్వర్డ్‌కి పెళ్ళి కాలేదని తెలియగానే గదిలోంచి దాదాపు పరుగున బయటికెళ్ళి, తలుపు పడగానే ఆనందంతో బోరుమంటుంది. ఆ పేజీ ఇంకోసారి తిరగేయండి.

విలోబీ సంగతా? 50,000 పౌండ్ల అమ్మాయిని చేసుకున్నాడు. తల్లీ ముగ్గురు కూతుళ్ళూ కలిసి ఏడాదికి 500 పౌండ్లతో నెట్టుకొచ్చే ఇంటి పిల్లని చేసుకునే ధైర్యం అతనికెక్కడిది!

కల్నల్ విషయంలో మాత్రం నేను మీ వైపే. ఫ్లానెల్ వెయిస్ట్‌కోట్ (వెచ్చదనానికి తొడిగే చేతుల్లేని కోటు) మాటెత్తాడని అతన్ని ముసలాడి కింద జమకట్టిన మేరియాన్, 19 ఏళ్ళకి అతన్నే చేసుకుంటుంది. మనిషి మంచివాడే, కాదనను. కానీ ఆమె మనసు మారిన తీరుని రచయిత్రి చివరి అధ్యాయంలో నాలుగు ముక్కల్లో తేల్చేశారు. విలోబీతో తిరిగిన రోజులకి మాత్రం ఎన్ని పేజీలో!