నాన్న గడ్డ ముక్కతో సెల్ లైన్ చేస్తామంటున్నారు, సంతకం పెట్టొచ్చా?

నెల్లూరులో మీ నాన్నగారికి మెడ గడ్డ బయాప్సీ చేసి లింఫోమా (ఒక రకం రక్త కణాల క్యాన్సర్) అన్నారు, మిగిలిన ముక్కతో సెల్ లైన్ (ల్యాబ్‌లో ఆగకుండా పెరుగుతూనే ఉండే కణాలు) చేస్తామని సంతకం అడిగారు, దానివల్ల ఆయన వైద్యానికి ఏమైనా మేలుందా అని మీ ప్రశ్న. లేదండీ. ఆ ఆశ పెట్టుకోకండి. మాది కావలి. బెంగళూరులో ఒక ల్యాబ్‌లో మూడేళ్లు నేను చేసింది ఈ పనే.

ముక్కను చిదిమి, కణాలు విడదీసి, ఎర్రటి మీడియం (కణాలకి మేత లాంటి ద్రవం) పోసిన ఫ్లాస్కులో 37 డిగ్రీల దగ్గర పెడతాం. చాలావరకు కొన్ని వారాల్లోనే చచ్చిపోతాయి. మా నాన్నకి అల్లూరు దగ్గర రొయ్యల గుంటలున్నాయి. ఫోన్ చేసినప్పుడల్లా "ఏమ్మా, సీడు నిలబడిందా?" అనేవాడు, రొయ్య పిల్లల్ని అడిగినట్టు.

ఒక్కసారి నిలబడింది. మీడియం రెండు రోజులకే పసుపెక్కేది, కణాలు పెరుగుతున్నాయని దానర్థం. కణాలు చేపగుడ్లలా గుత్తులు కట్టాయి. ఆదివారాలు కూడా పోయి మూడు నెలలు మేపాను. తీరా పరీక్ష చేయిస్తే అవి క్యాన్సర్ కణాలే కావు! ఎప్‌స్టీన్-బార్ వైరస్ పట్టిన మామూలు బి కణాలు (ఒక రకం తెల్ల రక్త కణాలు). ఈ వైరస్ పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో ఉంటుంది, చాలామందికి ఏ ఇబ్బందీ పెట్టదు. ఫ్లాస్కులో మాత్రం అది పట్టిన బి కణాలు ఆగకుండా పెరిగి అసలువాటిని మింగేస్తాయి. మొదటి నెలలోనే రోగి కణితితో పోల్చి చూసుకోవాల్సింది, సంబరంలో చూసుకోలేదు. నాన్నకి చెప్తే "రొయ్యల గుంటలో జిలేబీ చేపలు పడి నిండిపోయినట్టు" అని నవ్వాడు.

ఆ వైరస్ బయటపడిందీ లింఫోమా కణాలు పెంచబోతేనే. 1963 డిసెంబరులో ఉగాండా నుంచి లండన్‌కి బర్కిట్ లింఫోమా (లింఫోమాలో ఒక రకం) ముక్క తెస్తున్న విమానం పొగమంచు వల్ల మాంచెస్టర్‌కి మళ్లింది. చేతికొచ్చేసరికి సీసాలో ద్రవం మసకబారింది. బాక్టీరియా పట్టిందేమో అనుకుంటూనే శాస్త్రవేత్త ఎప్‌స్టీన్ మైక్రోస్కోపు కింద చూస్తే, ముక్క నుంచి రాలి తేలుతున్నవి బతికున్న కణాలు. అలా పెంచిన కణాల్లోనే 1964లో వైరస్ కనబడింది. 1963లోనే నైజీరియాలో అదే జబ్బున్న 11 ఏళ్ల పిల్లాడి దవడ గడ్డ నుంచి చేసిన 'రాజీ' లైన్ ఇప్పటికీ ల్యాబుల్లో పెరుగుతూనే ఉంది.

ఇక సంతకం సంగతి. మిగిలిన ముక్కేనా, దీనికోసం మళ్లీ గడ్డ కోస్తారా అని అడగండి. మళ్లీ అంటే నేనైతే వద్దంటాను. మిగిలిందే అయితే ఇచ్చేస్తాను. ఫారం తెలుగులో ఇమ్మనండి, పేరు బదులు కోడ్ రాస్తారో లేదో కనుక్కోండి. సంతకం పెట్టకపోయినా వైద్యం ఆపకూడదు, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిబంధనే ఉంది.