పర్డ్యూనా, ఏథెన్సా? బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

బుజ్జీ,

ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీ ఇంజినీరింగ్‌లో సీటొచ్చిందనీ, జార్జియా టెక్ రాలేదనీ, మీ జార్జియా రాష్ట్రంలోనే ఏథెన్స్ ఊళ్లో యూనివర్సిటీ ఆఫ్ జార్జియా మెకానికల్ సీటు చేతిలో ఉందనీ మీ అమ్మ చెప్పింది. వారం రోజులుగా ఇంట్లో ఇదే టెన్షనట. రెండూ మంచి సీట్లే తల్లీ. గుళ్లో, పాట్‌లక్కుల్లో ఎవరేమంటారో అన్నది మాత్రం లెక్కలోకి తీసుకోకు. ఫీజు కట్టేది వాళ్లు కాదు, నాలుగేళ్లు కూర్చుని చదివేదీ వాళ్లు కాదు.

మీ అన్నయ్య అడ్మిషన్లప్పుడు మేం షికాగో పక్కన మా నేపర్‌విల్ నుంచి కారులో పర్డ్యూ చూసొచ్చాం. చంద్రుడి మీద మొదట కాలుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు పెట్టిన ఇంజినీరింగ్ బిల్డింగ్ ముందు, కాలేజీ కుర్రాడి వయసులో ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ కూర్చున్నట్టు విగ్రహం ఉంటుంది. 1955లో ఆయన డిగ్రీ తీసుకున్నది అక్కడే. ఆ పక్కనే చంద్రుడి మీద బూటు అచ్చుల్లాంటివి వరసగా చేసిపెట్టారు, పిల్లలు ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి గెంతుతుంటారు. చిన్నప్పట్నుంచీ రాకెట్లంటే ప్రాణం పెట్టే నువ్వు అది చూస్తే ఇక వెనక్కి రావు. అందుకే చెబుతున్నా, ముందు లెక్క వేసుకో, తర్వాతే క్యాంపస్ చూడు.

లెక్క నాలుగేళ్లకు వెయ్యాలి. పర్డ్యూ 2013 నుంచి ట్యూషన్ పెంచలేదు. అవుటాఫ్ స్టేట్ వాళ్లకు, అంటే బయటి రాష్ట్రాల పిల్లలకు, ఏడాదికి 28,794 డాలర్లు, ఇంజినీరింగ్ వాళ్లకు దాని మీద ఇంకో రెండు వేల దాకా. మిషిగన్ యూనివర్సిటీలో అయితే ఒక్క ట్యూషనే ఏడాదికి 60,000కు అటూ ఇటూ ఉంది, కాబట్టి అవుటాఫ్ స్టేట్‌లో పర్డ్యూ నయమే. అయినా నాలుగేళ్లకు 1,23,000 దాకా అవుతుంది. ఏథెన్స్‌లో, జార్జియా పిల్లలకు రాష్ట్రం ఇచ్చే జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్‌తో ట్యూషన్ సున్నా. జీపీఏ (నాలుగుకి లెక్కేసే గ్రేడుల సగటు) 3.3 నిలబెట్టుకోవాలి, అది తగ్గినా 3.0 పైన ఉంటే రాష్ట్రం ఇచ్చే ఇంకో స్కాలర్‌షిప్, హోప్, ఉంటుంది. హాస్టలు, తిండి రెండు చోట్లా తప్పవు, వాటిని పక్కన పెట్టు. తేడా అంతా ట్యూషన్‌లోనే ఉంది, కాస్త విమానం ఖర్చుల్లో ఉంది.

ఆ తేడా ఎక్కణ్ణుంచి వస్తుందో నాన్నని కూర్చోబెట్టి అడుగు. మొహమాటపడకు. మీ చదువులకని దాచిన 529 ఖాతాలో ఎంతుంది? అందులో తమ్ముడి వాటా ఎంత? (జార్జియాలో తెరిచిన 529 ఇండియానాలోనూ వాడుకోవచ్చు, ఆ భయం అక్కర్లేదు.) నీ పేరు మీద వచ్చే ఫెడరల్ లోన్ మొదటి ఏడాది 5,500, నాలుగేళ్లకూ కలిపి 27,000. అంతకు మించి కావాలంటే అది నాన్న నెత్తిన పడే పేరెంట్ ప్లస్ లోన్. 2026 జులై నుంచి దానికీ ఏడాదికి 20,000, మొత్తం 65,000 అని పరిమితి పెట్టారు. నాన్నకు రిటైర్మెంట్ దగ్గరపడే వయసులో ఆ బరువు ఎత్తడం నాకిష్టం లేదు. నువ్వు అడిగితే మీ నాన్న కాదనడు, అందుకే ఆ సంగతి నువ్వే ఆలోచించాలి.

ఏడాది అక్కడ ఉంటే ఇన్‌స్టేట్ (ఆ రాష్ట్రం పిల్లలకుండే తక్కువ ఫీజు) అయిపోతుందిలే అని ఎవరో అన్నారట. కాదు. అమ్మానాన్నల మీద ఆధారపడే పిల్లలకు రెసిడెన్సీ అమ్మానాన్నలు ఎక్కడుంటే అక్కడే. చదువు కోసం వెళ్లి ఉండటాన్ని నివాసంగా లెక్కపెట్టరు. ఇంకో సంగతి, నీ ఫ్రెండు హెచ్4 (అమ్మానాన్నల ఉద్యోగ వీసాతో పాటు వచ్చే వీసా) మీద ఉందన్నావుగా, ఆ పిల్లకు హోప్, జెల్ రెండూ వర్తించవు. 21 నిండితే వీసా మార్చుకోవాలి కూడా. నువ్విక్కడ పుట్టావు కాబట్టి నీకా చిక్కు లేదు, నీ లెక్క చూసి ఆమెకు సలహా ఇవ్వకు.

ఇక అసలు సంగతి, బ్రాంచి. పర్డ్యూలో నీకు ఏరోస్పేస్ సీటు రాలేదు బుజ్జీ. వచ్చింది ఫస్ట్ ఇయర్ ఇంజినీరింగ్‌లో. బ్రాంచి ఆ తర్వాత. ఏరోస్పేస్ దొరకాలంటే మొదటి ఏడాది ఎంత జీపీఏ ఉండాలి, నిరుడు ఎంతమందికి కోరుకున్నది దక్కింది అని అడ్వైజర్‌కి ఈమెయిల్ పెట్టి, జవాబు రాతలో తెప్పించుకో. ఏథెన్స్‌లో ఏరోస్పేస్ బ్రాంచే లేదు, అది నిజం. కానీ మెకానికల్ చదివి ఏరోస్పేస్‌లో ఎమ్మెస్ చేసేవాళ్లు బోలెడుమంది. ఏడాది బాగా చదివి జార్జియా టెక్‌కి ట్రాన్స్‌ఫర్ పెట్టుకునే దారీ ఉంది, అక్కడా జెల్ పనిచేస్తుంది. గ్యారంటీ లేదు గానీ, ఏ కోర్సులు ఏ గ్రేడుతో కావాలో ఇప్పుడే చూసుకుంటే మొదటి సెమిస్టర్ నుంచే వాటిని పట్టుకోవచ్చు.

దూరం గురించి నాకు పెద్ద బెంగ లేదు. ఇండియానాపొలిస్‌లో దిగితే క్యాంపస్‌కి గంట పైచిలుకు, అవసరమైతే మేం రెండు గంటల్లో వచ్చేస్తాం. చలికి మాత్రం మంచి కోటు కొనుక్కోవాలి.

నా మాట అడిగావు కాబట్టి చెబుతున్నా. తమ్ముడి డబ్బు ముట్టుకోకుండా, ప్లస్ లోన్ లేకుండా సరిపోతే పర్డ్యూకి వెళ్లు, సంతోషంగా పంపుతాం. ప్లస్ లోన్ తియ్యాల్సి వస్తే ఏథెన్స్. నీకది కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా ఇదే చెబుతాను.

సీటు ఖాయం చేసుకునే గడువు మే 1, అందాకా ఆగకు. ఒకచోట డిపాజిట్ కట్టగానే రెండోచోట వద్దని రాసెయ్యి. వెయిట్‌లిస్టులో ఆ సీటు కోసం చూసే పిల్లలుంటారు. ఆదివారం నాన్నతో మాట్లాడాక లెక్క రాసిన కాయితం ఫొటో తీసి నాకు పంపు.

పెద్దమ్మ