పిల్లలందరికీ ఒకే పరీక్ష పెడితే న్యాయమే కదా, మళ్లీ స్కూల్ సైకాలజిస్టు ఎందుకు?

ఒకే పరీక్ష న్యాయం కాకపోవచ్చు. అమెరికాలో ఈ సంగతి కోర్టుకెక్కింది కూడా. కాలిఫోర్నియాలో ఐక్యూ మార్కులు చూసి నల్లజాతి పిల్లలను బుద్ధిమాంద్యం ఉన్నవారి తరగతులకు పంపేవారు. బడుల్లో వాళ్లు సుమారు పదో వంతు, ఆ తరగతుల్లో మాత్రం దాదాపు పావు వంతు! లారీ పి. కేసులో 1979లో ఫెడరల్ కోర్టు ఆ పద్ధతి చెల్లదంది. ఆ పరీక్షలు పెట్టింది సైకాలజిస్టులే అన్నది మరచిపోకూడదు.

ఇప్పుడు అక్కడి చట్టం ప్రకారం ఒక్క పరీక్షతో తేల్చేయకూడదు. వీలైనంతవరకు పిల్లలకు వచ్చిన భాషలోనే పరీక్షించాలి. గుంటూరు నుంచి కొత్తగా వెళ్లిన ఏడేళ్ల పాప గరిటె బొమ్మ చూసి ఇంగ్లీషు పేరు చెప్పలేక నీళ్లు నమిలిందనుకోండి. తెలుగులో అడిగితే టక్కున ‘గరిటె’ అంటుంది. లోటు ఇంగ్లీషులో ఉంది, తెలివిలో కాదు. ఆ తేడా పట్టుకోవడమే సైకాలజిస్టు పని. అందుకు తరగతిలో ఓ మూల కూర్చుని గమనించాలి, అమ్మానాన్నలతో మాట్లాడాలి.

500 మంది విద్యార్థులకు ఒక సైకాలజిస్టు ఉండాలని అక్కడి స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం సిఫారసు. చాలాచోట్ల అంతకు మించిన భారం ఒక్కరి మీదే పడుతోంది. అప్పుడు ముందుగా ఎగిరిపోయేది, తరగతిలో ఆ మూల కూర్చునే తీరికే.